బార్ నుంచి సుప్రీంకోర్టు దాకా: ఐర్లండ్ మాజీ ప్రధాన న్యాయమూర్తి సుసాన్ డెన్‌హమ్ ప్రస్థానంపై చర్చ

హనుమకొండ విద్యార్థిని:

సభ్యులందరికీ నమస్కారం. ఇతర దేశాల న్యాయవ్యవస్థల మీద సెమినార్ పత్రం రాయడానికి నేను ఐర్లండ్ మాజీ ప్రధాన న్యాయమూర్తి సుసాన్ డెన్‌హమ్ వృత్తి జీవితాన్ని ఎంచుకున్నాను. ఆమె 1945లో డబ్లిన్‌లో పుట్టారు. ట్రినిటీ కళాశాలలోనూ కింగ్స్ ఇన్స్‌లోనూ చదివి 1971లో బారిస్టర్‌గా నమోదయ్యారు. మరుసటి ఏడాది కొలంబియా విశ్వవిద్యాలయం నుంచి ఎల్‌ఎల్‌ఎం పట్టా అందుకున్నారు. 1987లో సీనియర్ కౌన్సెల్ (బారిస్టర్లలో సీనియర్ హోదా), 1991లో హైకోర్టు న్యాయమూర్తి, 1992 డిసెంబరులో సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయ్యారు. 2011 జూలైలో ప్రధాన న్యాయమూర్తిగా బాధ్యతలు తీసుకొని 2017 ఆగస్టులో విరమించారు. సుప్రీంకోర్టులోనూ, ప్రధాన న్యాయమూర్తి పదవిలోనూ ఆమే తొలి మహిళ.

నాకు అంతుపట్టనిది ఒకటుంది. మన దేశంలో చాలామంది హైకోర్టులో ఏళ్ల తరబడి పనిచేశాకే సుప్రీంకోర్టుకు వెళతారు. ఆమె హైకోర్టుకు వచ్చిన మరుసటి ఏడాదే పై కోర్టుకు వెళ్లి, అక్కడే దాదాపు పాతికేళ్లు ఉన్నారు. ఇది ఆమె ప్రతిభా, నాటి ప్రభుత్వం ఇష్టమా, లేక అక్కడి పద్ధతే అంతా? పెద్దలు వివరించగలరు.

లిఫీ తీరం:

నేను డబ్లిన్‌లో ఒక సొలిసిటర్ల సంస్థలో లెక్కల విభాగంలో పనిచేస్తున్నాను. న్యాయవాదిని కాను గానీ బారిస్టర్ల బిల్లులు రోజూ నా బల్ల మీదకు వస్తాయి. అక్కడి బార్ ఎలా నడుస్తుందో ముందు చెబితే మీ ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది.

ఐర్లండ్‌లో న్యాయవాద వృత్తి రెండు పాయలు. కక్షిదారు నేరుగా వచ్చేది సొలిసిటర్ దగ్గరకు. కోర్టులో వాదన కోసం సొలిసిటర్ కాగితాలు కట్టి బారిస్టర్‌కు అప్పగిస్తాడు. బారిస్టర్ కావాలంటే 1541లో మొదలైన కింగ్స్ ఇన్స్‌లో పట్టా పొందాలి. ఆ తర్వాత కనీసం ఒక ఏడాది ఒక అనుభవజ్ఞుడి వెంట తిరిగి పని నేర్చుకోవాలి. ఆ శిష్యుణ్ని అక్కడ డెవిల్ అంటారు, గురువును మాస్టర్ అంటారు. ఆ ఏడాది జీతం ఉండదనుకోవడమే అలవాటు. లండన్‌లో లాగా పదిమంది బారిస్టర్లు కలిసి ఛాంబర్స్, అంటే ఉమ్మడి కార్యాలయం, పెట్టుకోవడం ఇక్కడ లేదు, భాగస్వామ్య సంస్థలూ 2024 దాకా లేవు. ప్రతి బారిస్టరూ ఒంటరిగా సంపాదించుకోవలసినవాడే. అందరికీ ఉమ్మడిగా ఉన్నది డబ్లిన్‌లోని ప్రధాన కోర్టుల భవనమైన ఫోర్ కోర్ట్స్‌లోని లా లైబ్రరీ. పూర్వం సొలిసిటర్ వచ్చి అడిగితే తలుపు దగ్గరి ఉద్యోగి బారిస్టర్ పేరును కేకవేసి పిలిచేవాడట.

దీని ఫలితం ఏమిటంటే, ఆ వృత్తిలో ఎవరి పని ఎలాంటిదో అందరికీ తెలుస్తుంది. ఒకే గదిలో పుస్తకాలు తిరగేసేవారు, ఒకే మెట్ల మీద నిలబడి రాజీ మాట్లాడుకునేవారు, రేపు ఒకరి ముందు ఒకరు నిలబడి వాదించేవారు వాళ్లే. డెన్‌హమ్ తొలి సంవత్సరాల్లో మిడ్‌లాండ్ సర్క్యూట్‌లో, అంటే డబ్లిన్ బయటి జిల్లా కేంద్రాల కోర్టుల్లో, వాదించారు. సీనియర్ కౌన్సెల్ అయ్యాక న్యాయమూర్తి పదవికి పేరు వినబడడం సహజమైన వరుస. హైకోర్టులో ఎన్నాళ్లుండాలన్న నియమం మాత్రం లేదు. 2000లో ఏడ్రియన్ హార్డిమన్, 2010లో డోనల్ ఓడానెల్ బార్ నుంచి నేరుగా సుప్రీంకోర్టుకే వెళ్లారు. ఓడానెల్ 2021లో ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. కాబట్టి ఆమె తక్కువకాలం హైకోర్టులో ఉండడం అక్కడివారికి విడ్డూరం కాదు.

కృష్ణలంక వకీలు:

అమ్మా, మన దగ్గరా బార్ నుంచి నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్లినవారు లేకపోలేదు. 1964లో ఎస్.ఎం. సిక్రీ మొదలుకొని ఇటీవల రోహింటన్ నారిమన్, యు.యు. లలిత్, ఇందూ మల్హోత్రా వరకు ఉన్నారు. తేడా ఉన్నది ఎంపిక చేసేవారిలో. మన కొలీజియంలో న్యాయమూర్తులే న్యాయమూర్తుల పేర్లు సూచిస్తారు. ఐర్లండ్ రాజ్యాంగం ప్రకారం నియమించేది రాష్ట్రపతి. కానీ పేరు నిర్ణయించేది మంత్రివర్గం.

ఆమె నియామకాలు జరిగిన 1991, 1992 సంవత్సరాల్లో మంత్రివర్గానికి సలహా చెప్పే మండలి కూడా లేదు. అది వచ్చింది 1995 చట్టంతో. దానికి కారణం 1994 నవంబరు సంక్షోభం. అప్పటి అటార్నీ జనరల్ హ్యారీ వీలహన్‌ను హైకోర్టు అధ్యక్షుడిగా నియమించాలని ప్రధాని ఆల్బర్ట్ రెనాల్డ్స్ పట్టుబట్టారు. ఒక మతగురువును పిల్లలపై నేరాల కేసులో ఉత్తర ఐర్లండ్‌కు అప్పగించడంలో అటార్నీ జనరల్ కార్యాలయం నెలల తరబడి జాప్యం చేసిందన్న గొడవ అప్పటికే రేగి ఉంది. సంకీర్ణంలోని లేబర్ పార్టీ తప్పుకుంది, ప్రభుత్వం పడిపోయింది, వీలహన్ కొద్ది రోజులకే రాజీనామా చేశారు. ఒక న్యాయమూర్తి నియామకం మీద ఒక ప్రభుత్వం కూలిన సందర్భం అది. ఆ తర్వాతే సలహా మండలి వచ్చింది. అదీ పేర్ల జాబితా పంపడం వరకే, తుది మాట మంత్రివర్గానిదే.

కనుక మీ ప్రశ్నకు సూటి జవాబు: 1992లో ఆమెను సుప్రీంకోర్టుకు పంపింది రాజకీయ నిర్ణయమే. నిర్ణయం మంచిదైతే అది రాజకీయం కాకుండా పోదు.

పాత పత్రికలు:

ఒక విషయం ఎవరూ ప్రస్తావించలేదు. డెన్‌హమ్ తండ్రి డగ్లస్ గేజ్‌బీ, ఐరిష్ టైమ్స్ పత్రికకు చాలాకాలం సంపాదకుడు. ఆధునిక ఐర్లండ్ పత్రికారంగంలో అంతటి సంపాదకులు అరుదు. అమ్మ తరఫు తాత షాన్ లెస్టర్, నానాజాతి సమితికి (లీగ్ ఆఫ్ నేషన్స్) చివరి ప్రధాన కార్యదర్శి. డబ్లిన్ వంటి చిన్న రాజధానిలో, అందరికీ అందరూ తెలిసిన చోట, ఈ ఇంటిపేరు మంత్రివర్గ సమావేశానికి ముందే అక్కడికి చేరి ఉండదా? ఆమె ప్రతిభను నేను శంకించడం లేదు. 'బారిస్టర్ నుంచి న్యాయమూర్తి' అన్న కథ చెప్పేటప్పుడు ఇంటి మెట్టు ఎంత ఎత్తులో ఉందో కూడా రాయాలి కదా అంటున్నాను.

గుంటూరు సివిల్:

పాత పత్రికలు గారూ, మీరు చెప్పినది వాస్తవం, కానీ అది ఎంత దూరం వివరిస్తుందన్నది నా సందేహం. ఇంటి పలుకుబడి ఒక్కటే చాలితే, ఫ్రాన్సెస్ కైల్, ఎవెరిల్ డెవెరెల్ 1921 నవంబరులో ఐరిష్ బార్‌లో చేరిన తొలి మహిళలు కాగా, హైకోర్టులో తొలి మహిళ మెల్లా క్యారల్ రావడానికి 1980 దాకా పట్టేది కాదు. దాదాపు 60 ఏళ్లలో మంచి కుటుంబాల నుంచి వచ్చిన మహిళా బారిస్టర్లు లేకపోయారా? దారి మూసి ఉంది, అంతే. మన సుప్రీంకోర్టులో ఫాతిమా బీవీ 1989లోనే వచ్చారు. ఆ ఒక్క విషయంలో మనం ఐర్లండ్ కంటే మూడేళ్లు ముందున్నాం. ప్రధాన న్యాయమూర్తి పదవి విషయంలో మాత్రం వాళ్లు మనకంటే చాలా ముందే వెళ్లారు.

మరో ఇద్దరిని పక్కన పెట్టి చూడండి. క్యాథరిన్ మెగిన్నిస్ 42 ఏళ్ల వయసులో, 1977లో, బార్‌లో చేరారు. అంతకుముందు రాజకీయ పార్టీలో పనిచేశారు, తర్వాత పార్లమెంటు ఎగువసభ అయిన సెనేట్‌లో ఉన్నారు, 1994లో హైకోర్టుకు కింది మెట్టైన సర్క్యూట్ కోర్టు, 1996లో హైకోర్టు, 2000లో సుప్రీంకోర్టు. మెట్టు మెట్టుగా ఎక్కినవారు ఆమె. ఇక డెన్‌హమ్ తర్వాత ప్రధాన న్యాయమూర్తి అయిన ఫ్రాంక్ క్లార్క్ డబ్లిన్ శివారు వాకిన్స్‌టౌన్‌లో పెరిగారు, చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకున్నారు, ఆ ఇంట్లో విశ్వవిద్యాలయం గడప తొక్కిన మొదటివారు. 1973లో బార్, 1985లో సీనియర్ కౌన్సెల్, 2004లో హైకోర్టు, 2012లో సుప్రీంకోర్టు, 2017లో ప్రధాన పదవి. క్లార్క్ హైకోర్టులో ఎనిమిదేళ్లు వేచి ఉన్నారు, డెన్‌హమ్ ఒక్క ఏడాదిలో దాటారు అని మీరు వాదించవచ్చు. కానీ చివరికి కూర్చున్నది ఇద్దరూ ఒకే కుర్చీలో.

విశ్రాంత శిరస్తాదారు:

నేను జిల్లా కోర్టుల్లో కిందిస్థాయి గుమాస్తాగా చేరి శిరస్తాదారుగా విరమించినవాణ్ని. ఎవరు ఎప్పుడు ఏ పదవిలోకి వచ్చారన్నది మీరంతా బాగా చర్చించారు; వచ్చాక ఆమె చేసిన పనిలో నా దృష్టిలో అన్నిటికంటే పెద్దది ఇంకా ఇక్కడికి రాలేదు. అది తీర్పు కాదు, పాలన.

1990ల దాకా ఐర్లండ్‌లో కోర్టుల సిబ్బంది, డబ్బు, భవనాలు అన్నీ న్యాయశాఖ చేతిలో ఉండేవి. డబ్లిన్ బయటి కోర్టు భవనాల మరమ్మతు స్థానిక సంస్థల బాధ్యత. పైకప్పు కారుతున్నా, రికార్డు గది తడుస్తున్నా న్యాయమూర్తి ఒక లేఖ రాసి ఎదురుచూడవలసిందే. ఎన్ని కేసులు ఎక్కడ ఎంతకాలంగా ఆగి ఉన్నాయో నమ్మదగిన లెక్క కూడా ఒకచోట ఉండేది కాదు. ఇది మన తాలూకా కోర్టుల్లో పనిచేసిన వారికి ఎవరూ వివరించనక్కరలేదు. కొత్త బీరువా కోసం నేను రాసిన ఇండెంట్లు ఎన్ని బల్లలు తిరిగాయో నాకు తెలుసు.

1995లో ప్రభుత్వం కోర్టుల నిర్వహణపై అధ్యయన బృందాన్ని నియమించి డెన్‌హమ్‌ను అధ్యక్షురాలిగా పెట్టింది. అప్పటికి ఆమె సుప్రీంకోర్టులో చేరి మూడేళ్లే. ఆ బృందం 1998 దాకా వరుసగా నివేదికలు ఇచ్చింది. వాటి సారం ఇది: కోర్టుల నిర్వహణ ఒక స్వతంత్ర సంస్థకు అప్పగించాలి, దాని మండలిలో అన్ని స్థాయుల న్యాయమూర్తులు ఉండాలి, వారితోపాటు బారిస్టర్లు, సొలిసిటర్లు, కోర్టు సిబ్బంది, కోర్టు మెట్లెక్కే ప్రజల ప్రతినిధులూ ఉండాలి, తీర్పు చెప్పే పనిలో అది వేలు పెట్టకూడదు. 1998లో చట్టమైంది, 1999 నవంబరులో కోర్ట్స్ సర్వీస్ ఏర్పడింది. 2001 నుంచి 2004 వరకు ఆమె దాని మండలికి అధ్యక్షత వహించారు కూడా. తర్వాతి పదేళ్లలో ఊరూరా పాత కోర్టు భవనాలు బాగుపడ్డాయి, డబ్లిన్‌లో ఫీనిక్స్ పార్క్ సమీపాన క్రిమినల్ కోర్టులన్నిటికీ ఒకే పెద్ద భవనం వచ్చింది.

ఇక్కడ మన తెలుగువారి మాట ఒకటి చెప్పాలి. కృష్ణా జిల్లా పొన్నవరం నుంచి వచ్చిన జస్టిస్ ఎన్.వి. రమణ భారత ప్రధాన న్యాయమూర్తిగా ఉండగా 2021లో కోర్టుల మౌలిక వసతులకు ఒక జాతీయ సంస్థ కావాలని ప్రతిపాదించారు. 2022 ఏప్రిల్‌లో ముఖ్యమంత్రులు, హైకోర్టు ప్రధాన న్యాయమూర్తుల సమావేశంలో జాతీయ స్థాయి సంస్థకు ఏకాభిప్రాయం కుదరలేదు. రాష్ట్రాల సంఖ్య, ఖర్చు ఎవరిదన్న తగవు, ఇవన్నీ ఐర్లండ్‌కు లేని చిక్కులే. అయినా అక్కడ పని జరగడానికి ఇంకో కారణం కనిపిస్తుంది. ఆమె ఒక న్యాయమూర్తిగా గోడు చెప్పుకోవడంతో ఆపలేదు. సిబ్బంది జీతాల నుంచి భవనాల దాకా ఎవరి అధికారం ఎక్కడిదో రాసి, శాసనం చేయడానికి వీలైన రూపంలో ప్రభుత్వం చేతికి ఇచ్చారు.

హనుమకొండ విద్యార్థిని:

శిరస్తాదారు గారూ, ఈ కోణం నా పత్రంలో అసలు లేదు, చేరుస్తాను. తీర్పుల సంగతి కూడా వకీలు గారు చెబితే బాగుంటుంది. బారిస్టర్‌గా నేర్చినదేమిటో, న్యాయమూర్తిగా మారినదేమిటో తీర్పుల్లోనే కదా కనబడాలి.

కృష్ణలంక వకీలు:

రెండు తీర్పులను పక్కపక్కన పెట్టి చదవమని నా సలహా. మధ్య 18 ఏళ్లు.

మొదటిది 1995 నాటిది. 1972లో ఒక చిన్న శస్త్రచికిత్సలో జరిగిన అనర్థం వల్ల ఒక యువతి 20 ఏళ్లకు పైగా దాదాపు స్పృహ లేని స్థితిలో, గొట్టం ద్వారా అందే ఆహారంతో బతుకుతోంది. ఆ గొట్టం తీసివేయడానికి అనుమతించమని తల్లి కోర్టును అడిగింది. హైకోర్టు అనుమతించింది, సుప్రీంకోర్టు 4-1 మెజారిటీతో సమర్థించింది. డెన్‌హమ్ ఆ మెజారిటీలో ఉండి విడిగా తీర్పు రాశారు. కేథలిక్ సమాజం బలంగా ఉన్న దేశంలో, సుప్రీంకోర్టుకు వచ్చిన మూడో ఏట ఆమె తీసుకున్న నిర్ణయం అది. ప్రాణం పవిత్రమైనదే గానీ, ఒక మనిషి ప్రకృతిసిద్ధంగా మరణించే దారిని యంత్రంతో అడ్డుకునే తీరాలన్న విధి లేదన్నది మెజారిటీ ఆలోచన.

రెండోది 2013 ఏప్రిల్ నాటిది. మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల వ్యాధితో శరీరం కదలని ఒక మాజీ అధ్యాపకురాలు, తన సహచరుడి సహాయంతో చనిపోయే హక్కు కోరారు. ఏడుగురి ధర్మాసనం తరఫున ప్రధాన న్యాయమూర్తిగా డెన్‌హమే తీర్పు చదివారు. రాజ్యాంగంలో ఆత్మహత్యకు హక్కు లేదు, ఇతరుల సహాయంతో దాన్ని జరిపించుకునే హక్కు అంతకంటే లేదు. శాసనసభ చట్టం చేయదలిస్తే దానికి రాజ్యాంగం అడ్డు అని ఈ తీర్పు అర్థం కాదు.

ఈ రెండూ ఒకదానికొకటి వ్యతిరేకమని పైపైన అనిపిస్తుంది, కాదు. మొదటి దానిలో చికిత్సను నిరాకరించడం, రెండో దానిలో మరణాన్ని కలిగించడం. ఆ గీత ఎక్కడ గీయాలో ఆమెకు 1995లోనే తెలుసు. ఏళ్ల తరబడి స్పృహ లేని స్థితిలో ఉన్న నర్సు అరుణా షాన్‌బాగ్ కేసులో 2011లో మన సుప్రీంకోర్టు ఇదే గీత దగ్గర నిలబడి ఆలోచించింది. సానుభూతితో గీత చెరిపేయకుండా ఉండడం నాకు నచ్చింది. నా తోటి న్యాయవాదుల్లో చాలామంది రెండో తీర్పును పిరికితీర్పంటారు.

లిఫీ తీరం:

వకీలు గారి జాబితాకు నేను ఒక జతను చేరుస్తాను, ఎందుకంటే దీని మీద మా కార్యాలయంలో ఇప్పటికీ వాదన జరుగుతుంది.

ప్రభుత్వ వ్యతిరేక నేరాల చట్టంలోని 29వ సెక్షన్ ప్రకారం ఒక పోలీసు సూపరింటెండెంట్ తానే ఇంటి సోదా వారంటు జారీ చేసే వీలుండేది, ఆ దర్యాప్తుకు ఆయనే నాయకుడైనా సరే. 2012 ఫిబ్రవరిలో డమాష్ కేసులో డెన్‌హమ్ తీర్పు దీన్ని కొట్టేసింది. ఇల్లు రాజ్యాంగం రక్షించిన చోటు, దాని తలుపు తెరిపించే నిర్ణయం దర్యాప్తుతో సంబంధం లేని వ్యక్తి తీసుకోవాలి అని. దాంతో ఎన్నో శిక్షలు చిక్కుల్లో పడ్డాయి. మూడేళ్లకు, 2015లో, జేసీ అనే నిందితుడి కేసు వచ్చింది. అతని అరెస్టు అలా కొట్టేసిన వారంటు మీద జరిగినదే. రాజ్యాంగ హక్కు భంగమైతే, పోలీసుకు తెలిసినా తెలియకున్నా, ఆ సాక్ష్యం పనికిరాదని 1990 నాటి కెన్నీ తీర్పు చెప్పింది. సుప్రీంకోర్టు 4-3తో దాన్ని సడలించింది. భంగం అనుకోకుండా జరిగిందని ప్రాసిక్యూషన్ రుజువు చేస్తే సాక్ష్యం తీసుకోవచ్చు. ప్రధాన తీర్పు క్లార్క్‌ది, డెన్‌హమ్ మెజారిటీలో. హార్డిమన్ చాలా తీవ్రమైన భిన్నాభిప్రాయం రాశారు.

తలుపు వేసిన చేత్తోనే కిటికీ తీశారని కొందరి విమర్శ. నాకు అంత తేలిగ్గా అనిపించదు. మొదటి తీర్పు భవిష్యత్తు వారంట్ల గురించి, రెండోది గతంలో నిజాయితీగా జరిగిన పొరపాటు గురించి.

గుంటూరు సివిల్:

ఈ విషయంలో నేను హార్డిమన్ పక్షం. మన దగ్గర 1974 పూరన్ మల్ తీర్పు దగ్గర్నుంచి, సోదా చట్టవిరుద్ధమైనా దొరికిన సాక్ష్యం చెల్లుతుందన్నదే సూత్రం. దాని ఫలితం మన స్టేషన్లలో రోజూ చూస్తున్నాం. కెన్నీ తీర్పు వంటి కఠినమైన నియమం ఒక దేశంలో 25 ఏళ్లు బతికిందంటే అది చిన్న విషయం కాదు, దాన్ని ఒక్క ఓటు తేడాతో వదులుకోకుండా ఉండవలసింది.

విద్యార్థిని గారు అడగని ఇంకో సంగతి చెబుతాను. 2014కు ముందు ఐర్లండ్‌లో హైకోర్టు నుంచి వచ్చే అప్పీళ్లు దాదాపు అన్నీ సుప్రీంకోర్టుకే పోయేవి. విచారణకు నాలుగేళ్ల దాకా పట్టేది. అప్పీలు కోర్టు ఒకటి మధ్యలో ఉండాలని 2009లో నివేదిక ఇచ్చిన బృందానికీ డెన్‌హమే అధ్యక్షురాలు. దానికి రాజ్యాంగ సవరణ కావాలి, అంటే ప్రజాభిప్రాయ సేకరణ కావాలి. 2013 అక్టోబరు 4న ప్రజలు 65 శాతం ఓట్లతో ఒప్పుకున్నారు. అదే రోజు సెనేట్‌ను రద్దు చేయాలన్న ప్రతిపాదనను తిరస్కరించారు. 2014 అక్టోబరు 28న పదిమంది న్యాయమూర్తులతో అప్పీలు కోర్టు మొదలైంది. ఇప్పుడు సుప్రీంకోర్టు ప్రజాప్రాముఖ్యం ఉన్న కేసులనూ, న్యాయం కోసం తప్పదనుకున్నవాటినీ మాత్రమే, తానే అనుమతించి వింటుంది. మన దగ్గర జాతీయ అప్పీలు కోర్టు కావాలన్న అభ్యర్థన 2016లో రాజ్యాంగ ధర్మాసనానికి నివేదితమై అక్కడే ఉంది.

ఇలా చూస్తే ఆమె తన కోర్టు అధికారాన్ని తానే తగ్గించుకొని వెళ్లారు. తన కోర్టుకు వచ్చే కేసులు తగ్గాలని కోరిన న్యాయమూర్తులు తక్కువ.

పాత పత్రికలు:

కాస్త పక్కకు వెళుతున్నందుకు మన్నించాలి. కింగ్స్ ఇన్స్ పేరు చూడగానే మన వి.వి. గిరి గుర్తుకొచ్చారు. బరంపురానికి చెందిన తెలుగు కుటుంబం నుంచి 1913లో డబ్లిన్ వెళ్లి, యూనివర్సిటీ కళాశాలలోనూ కింగ్స్ ఇన్స్‌లోనూ న్యాయశాస్త్రం చదివి, బ్రిటిష్ పాలనపై ఈస్టర్ తిరుగుబాటు జరిగిన 1916లో తిరిగి వచ్చారు. ఆయన న్యాయమూర్తి దారి పట్టలేదు, కార్మిక సంఘాల వైపు వెళ్లి చివరికి రాష్ట్రపతి భవన్‌లో తేలారు. ఒకే కళాశాల నుంచి వచ్చే దారులు ఎన్ని రకాలో.

గుంటూరు సివిల్ గారి వాదనతో నేను చాలావరకు ఏకీభవిస్తున్నాను. ఇంటిపేరు తలుపు దాకా తీసుకెళుతుంది, కోర్ట్స్ సర్వీస్‌ను అది కట్టలేదు. అయినా నా మొదటి మాటను పూర్తిగా వెనక్కి తీసుకోను.

హనుమకొండ విద్యార్థిని:

చివరి ప్రశ్న. పదవీ విరమణ తర్వాత ఆమె ఏమైనా చేశారా? ఈ రోజుల్లో ఒక యువ బారిస్టర్ అదే దారిలో వెళ్లగలరా?

లిఫీ తీరం:

మొదటిదానికి: 2020 ఆగస్టులో, కోవిడ్ నిబంధనల మధ్య, పార్లమెంటు గోల్ఫ్ సంఘం విందుకు కొత్తగా సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయిన షేమస్ వుల్ఫ్ హాజరవడం పెద్ద దుమారమైంది. ఆ వ్యవహారాన్ని పరిశీలించమని సుప్రీంకోర్టు డెన్‌హమ్‌ను కోరింది. ఆయన వెళ్లకుండా ఉండవలసిందనీ, రాజీనామా కోరడం మాత్రం మితిమీరుతుందనీ ఆమె నివేదిక ఇచ్చారు. తర్వాత ప్రధాన న్యాయమూర్తి క్లార్క్ తన అభిప్రాయంలో రాజీనామా చేయవలసిందేనని లేఖ రాశారు. వుల్ఫ్ రాజీనామా చేయలేదు. ఒకే పదవిలో వెనుకా ముందూ కూర్చున్న ఇద్దరు ఒకే విషయాన్ని ఇంత వేరుగా చూశారు. ఇద్దరిలో ఎవరిది సరి అన్నది ఇక్కడ మీరు మళ్లీ మొదలుపెట్టకండి, అది వేరే చర్చ.

రెండోదానికి: దారి ఇప్పుడు కొంత మారింది. 2002 చట్టంతో సొలిసిటర్లు కూడా హైకోర్టు, సుప్రీంకోర్టులకు అర్హులయ్యారు, అదే ఏడాది మైకేల్ పియర్ట్ హైకోర్టుకు వచ్చిన మొదటి సొలిసిటర్. 2023 చట్టం కింద న్యాయ నియామకాల కమిషన్ 2025 జనవరి 1న ఏర్పడింది. ఇప్పుడు ఏ స్థాయి పదవికైనా, ఇప్పటికే న్యాయమూర్తిగా ఉన్నవారు సైతం, దరఖాస్తు చేసి కమిషన్ ముందు ఇంటర్వ్యూకు రావలసిందే. కమిషన్ సూచించిన కొద్దిమంది పేర్లలోంచే ప్రభుత్వం ఎంచుకోవాలి. 1992లో ఒక మంత్రివర్గ సమావేశంలో ముగిసిన పని ఇప్పుడు దరఖాస్తు ఫారంతో మొదలవుతుంది. అందువల్ల హైకోర్టుకు వచ్చిన ఏడాదికే సుప్రీంకోర్టుకు వెళ్లడం నిషిద్ధం కాదు. ఎందుకు వెళ్లాలో ఆ వ్యక్తే రాతపూర్వకంగా చెప్పుకోవాలి.